పచ్చబారిన నలుపు

పాలీఅనిలీన్ తయారీకి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. డిగ్రీ కాలేజీలో దొరికే సామాను చాలు: అనిలీన్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమ్మోనియం పర్‌సల్ఫేట్, ఓ గిన్నెడు ఐసు. సీసాలో నిలవున్న అనిలీన్ గోధుమరంగుకు తిరిగిపోయి ఉంటుంది, దాన్ని మళ్లీ స్వేదనం చేసుకోవాలి. చర్మం గుండా ఒంట్లోకి పోయే విషం కాబట్టి చేతికి తొడుగులు తప్పవు. ఆమ్లంలో కరిగించిన అనిలీన్‌నీ, పర్‌సల్ఫేట్ ద్రావణాన్నీ కలిపాక కాసేపు ఏమీ జరగదు. కొత్త కుర్రాళ్లు అక్కడే కంగారుపడి పర్‌సల్ఫేట్ ఇంకాస్త పోసేస్తారు. ఆగాలి. ముందు లేత నీలం వస్తుంది, తరవాత సిరా నీలం, చివరికి ముదురాకుపచ్చ. బీకరు గోడలకీ, గాజుకడ్డీకీ, పక్కన నిలబడ్డవాడి చొక్కాకీ అంటుకునే ఆ పచ్చపొడిలో కరెంటు పారుతుంది.

శ్రీకాకుళంలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని. ఈ పొడి పిచ్చి మాత్రం ఇంకా రిటైరవలేదు.

ఎంత పారుతుందంటే, కొంచెమే. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంస్థ ఐయూపాక్ తరఫున వేర్వేరు దేశాల ప్రయోగశాలల్లో ఒకే పద్ధతిలో దీన్ని చేయించి చూశారు. 2002లో అచ్చయిన ఆ నివేదికలో 59 నమూనాల సగటు సెంటీమీటరుకు 4.4 సీమెన్‌లు. రాగి దీనికంటే లక్ష రెట్లకు పైనే. 2000లో కరెంటు పారే ప్లాస్టిక్కులకు గాను షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్‌లకు నోబెల్ వచ్చినప్పుడు ఇక రాగి తీగలకు కాలం చెల్లిందని ఆశపడినవాళ్లున్నారు. ఆ ముగ్గురి కథ, అదే 1977లో పాలీఅసిటిలీన్‌కి అయోడిన్ తగిలించిన కథ, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేసింది. నాకు అంతకన్నా అద్దకంవాళ్ల కథ ఇష్టం.

1862లో లండన్‌లో హెన్రీ లెథబీ అనే వైద్యుడు అనిలీన్ ద్రావణంలో కరెంటు పంపితే నల్లని నీలిపూత పేరుకుంది. మరుసటి ఏడాదే లాంకషైర్‌లో జాన్ లైట్‌ఫుట్ నూలుబట్ట మీద అనిలీన్ నలుపు అద్దడానికి పేటెంటు తీసుకున్నాడు. ఉతికినా పోని చక్కటి నలుపు. బట్ట మీదే పుట్టి, దారంలోనే గట్టిపడే రంగు. దానికి రెండు జబ్బులు. అద్దకంలో వాడే ఆమ్లానికి నూలు చివికిపోయేది. పైగా మిల్లుల ఊళ్లలో బొగ్గుపొగ గాలి తగిలి నలుపు కాస్తా పచ్చబారేది. ఆ పచ్చదనం రాకుండా చెయ్యడానికి అద్దకంవాళ్లు పడని పాట్లు లేవు. సరిగ్గా ఆ పచ్చ రూపాన్నే 1980ల్లో మెక్‌డయర్మిడ్ బృందం పట్టుకుంది. ఆమ్లం తగిలితే పచ్చ, కరెంటు పారుతుంది. క్షారం తగిలితే నీలం, పారదు. అద్దకంవాడు తిట్టుకున్న లోపమే రసాయనవేత్తకు సొత్తయింది.

నూలు అనేసరికి మనవాళ్లకు పొందూరే గుర్తొస్తుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, 100 కౌంటు దాకా వడికే చోటు అది. తెగిన చిలప ఒకటి తెచ్చి, అనిలీన్ ద్రావణంలో నానేసి, పర్‌సల్ఫేట్ పోసి పచ్చగా చేశాను. ఆరాక మల్టీమీటరు ముళ్లు రెండు కొసలకీ ఆనిస్తే అంకె కిలోఓముల్లో గంతులేసింది. గట్టిగా నొక్కితే ఒకటి, వదులుగా పట్టుకుంటే మరొకటి. సంక్రాంతి చలిగాలికి ఒకటి, శ్రావణమాసపు ముసురుకి ఇంకొకటి. తేమ పెరిగితే దీనికి హుషారు.

ఆ నూలు పట్టుకెళ్లి పొందూరులో వడికే ఒక పెద్దమ్మకి చూపించాను.

“మాస్టారూ, ఇదేటి, సెరువు నాసు పట్టినట్టుందీ?” అంటూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగు పెట్టి నలిపింది. కొంచెం లాగింది. పుటుక్కున తెగింది. “పురి బాగానే ఉంది బాబూ. బలమే పోనాది.”

లైట్‌ఫుట్ కాలం నాటి మొదటి జబ్బుని ఆవిడ రెండు వేళ్లతో కనిపెట్టేసింది. ఆమ్లం పలచన చేసి, నానబెట్టే సేపు తగ్గిస్తే నష్టం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఇక ఉతుకు సంగతి. ఉత్త బోరునీళ్లలో జాడించినా పచ్చదనం తగ్గుతుంది. సబ్బు తగిలిందా, నీలమే. అందుకే తయారయ్యాక పలచటి ఆమ్లంతోనే కడగాలి. కరెంటు చొక్కాలు తొడుక్కుంటామని చెప్పే ఉత్సాహవంతులు ముందు మన చాకిరేవు సంగతి ఆలోచించాలి.

ఈ జాతి ప్లాస్టిక్కులు నిజంగా స్థిరపడినవి చిన్న పనుల్లోనే. పెడాట్ అనే చుట్టం కంప్యూటర్ బోర్డుల మీది కెపాసిటర్లలో ఉంది. ఒకప్పుడు ఆగ్ఫా ఫోటో ఫిల్ముల మీద స్థిరవిద్యుత్తు పుట్టకుండా పూతగానూ పనిచేసింది. హైదరాబాద్ తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో పాలీఅనిలీన్‌ని ఉత్ప్రేరకంగా, సూపర్ కెపాసిటర్లలో ఎలక్ట్రోడ్‌గా వాడటం మీద పరిశోధనలు సాగాయి.

మన తీరానికి పనికొచ్చేది ఇంకోటుంది. చేపల రేవుల దగ్గర ఐసు ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు చాలావరకు అమ్మోనియాతో నడుస్తాయి. పాలీఅనిలీన్ పట్టించిన పచ్చ గుడ్డముక్కని అమ్మోనియా సీసా మూతి మీద పట్టి చూడండి. అంచు నుంచి లోపలికి నీలం పాకుతుంది, మీటరు అంకె పైకెగురుతుంది. గాలిలో ఆరబెడితే కొంతమేరకు మళ్లీ పచ్చకొస్తుంది. లీకుని పసిగట్టే సెన్సర్ చెయ్యడానికి ఇంతకన్నా ఏం కావాలి? చిక్కల్లా తేమే. కళింగపట్నం గాలిలో ముసురుకీ అమ్మోనియాకీ తేడా తెలియాలంటే పక్కనే తేమ కొలిచే సెన్సర్ ఒకటి పెట్టి, దాని లెక్క తీసెయ్యాలి. ప్రాజెక్టు కోసం అడిగే ఎమ్మెస్సీ పిల్లలకి ఈ పనే చెబుతున్నాను. ముతక గుడ్డతోనో వడపోత కాగితంతోనో మొదలుపెట్టమంటున్నాను. పొందూరు నూలు జోలికి మాత్రం పోనివ్వను.