ఒక్క క్యూబూ ఫెయిల్ కాని రిజిస్టరు

సైటుకి వెళ్తే నేను మొదట అడిగేది క్యూబ్ టెస్టు రిజిస్టరు. ఎం25 కాంక్రీటుకి నెలల తరబడి అన్ని రిజల్టులూ 26, 27 దగ్గరే బుద్ధిగా వరసకట్టి ఉంటే నాకు అనుమానం మొదలవుతుంది. కాంక్రీటు కోడు ఐఎస్ 456 చెప్పేది అలా కాదు. నూటికి ఐదుకు మించి చదరపు మిల్లీమీటరుకి 25 న్యూటన్ల కిందికి పడకూడదంటుంది, అంటే కొన్ని పడతాయనే. అందుకే మిక్స్ డిజైనులో సగటు 31.6 రావాలని చూసుకుంటాం. నాలుగేసి శాంపిళ్ల సగటు బాగుంటే, ఏదో ఒకటి 22 దాకా దిగినా కోడు ఒప్పుకుంటుంది. ఎగుడుదిగుళ్లు లేని కాంక్రీటు మిక్సరులోంచి రాదు, పెన్నులోంచి వస్తుంది.

రాయ్‌పూర్ చుట్టుపక్కల సైట్లలో ఇప్పుడు ఆ రిజిస్టరు ఫోన్లోకి మారుతోంది. క్యూబు మీద క్యూఆర్ స్టిక్కరు, స్లంప్ కొలిచినప్పటి ఫొటో, దాంతోపాటే టైమూ చోటూ. శుక్రవారం పోసినదాన్ని సోమవారం తీరిగ్గా రాసుకునే అలవాటుకి ఇది పెద్ద దెబ్బ. అసలు లాభం మాత్రం వేరే ఉంది. 28 రోజుల రిజల్టు వచ్చేసరికి ఆ కాంక్రీటు పోసిన స్తంభం మీద ఇంకో శ్లాబు లేచి ఉంటుంది. రిజల్టు తక్కువొస్తే అది ఏ లారీ కాంక్రీటు, ఏ స్తంభంలోకి వెళ్లిందని కాగితాల్లో వెతకడం నరకం. బ్యాచింగ్ స్లిప్పూ క్యూబూ యాప్‌లో ముడిపడి ఉంటే నిమిషంలో తేలిపోతుంది. అనుమానమున్న రెండు స్తంభాలకే కోర్ తీస్తే చాలు. మొత్తం అంతస్తును శంకించి బిల్లు ఆపే పరిస్థితి రాదు. కంపెనీకి మిగిలే డబ్బు అక్కడుంది.

రాయ్‌పూర్ నుంచి మన విశాఖకి సుమారు 464 కిలోమీటర్ల ఆరు వరసల రోడ్డు వేయిస్తున్న జాతీయ రహదారుల సంస్థ, 2020లోనే కాగితాలన్నీ డేటా లేక్ అనే ఆన్‌లైన్ వేదికలోకి మార్చింది. 2021 నుంచి నెలనెలా డ్రోన్ వీడియో తప్పనిసరి చేసింది. మంచిదే. పని ఎంత సాగిందో డ్రోను చెబుతుంది. వైబ్రేటరు ఎక్కడ పెట్టలేదో ఆకాశంలోంచి ఏం కనపడుతుంది?

క్యూరింగు సంగతి మరీను. మే చివర ఇక్కడివాళ్లు నౌతపా అనే రోజుల్లో పొద్దున తడిపిన గోనెసంచి మధ్యాహ్నానికి కరకరలాడుతుంది. ఎండలో పోసిన కాంక్రీటుకి 10 రోజులు తగ్గకుండా, స్లాగో ఫ్లైయాషో కలిసిన సిమెంటయితే 14 రోజులైనా నీళ్లు పట్టాలని కోడు చెబుతుంది. యాప్‌లో దానికి రోజుకొక టిక్కు, ఒక ఫొటో. శ్రీకాకుళం మేస్త్రీ ఒకాయన నన్నడిగాడు: "ఫొటో తీసీసినారు గదా బాబూ, ఇంక నీళ్లు ఆపీమంటారేటి?" వెటకారమే, కానీ తప్పేముంది? ఫొటో ఎప్పుడూ పొద్దున ఎనిమిదింటికే తీస్తారని ఆయన గమనించాడు, హెడ్డాఫీసు గమనించలేదు. అప్పటినుంచి నేను మధ్యాహ్నం మూడింటి ఫొటో అడుగుతున్నాను.

యాప్‌లో ఏదైనా తప్పు నమోదై హెడ్డాఫీసు తెర మీద ఎర్ర గుర్తు కనపడగానే ఎండీగారి ఫోను వస్తుంది. రెండుసార్లు తిట్లు తిన్న కుర్ర ఇంజనీరు మూడోసారి ఎరుపు పెట్టడు. ఆ నెల నుంచి తెరంతా పచ్చ. పాత రిజిస్టరే ఇంకాస్త ఖరీదుగా తయారైందన్నమాట.

అందుకే యాప్ అమ్మడానికి వచ్చేవాళ్లను ఒక్కటే అడుగుతాను. క్వాలిటీ ఇంజనీరు ఎరుపు పెడితే, ప్రాజెక్టు మేనేజరు కాదన్నా సరే, తర్వాతి పోతకి అనుమతి ఆగిపోతుందా? మొన్న వచ్చిన కుర్రాడు దాచకుండానే చెప్పాడు: "ఆ ఆప్షన్ ఉందండీ. కస్టమర్లే ఆఫ్ చేయించుకుంటారు."