బొమ్మ గీశాకే ఫార్ములా

బైపీసీ గ్రూపు తీసుకునే పిల్లల్లో చాలామంది లెక్కలంటే పడక అందులో చేరతారు. ఇంటర్ రెండేళ్లూ బోటనీ, జువాలజీ ఇష్టంగా చదువుతారు. తీరా నీట్ దగ్గర పడేసరికి తప్పించుకున్నామనుకున్న ఆ లెక్కలే ఫిజిక్స్ రూపంలో ఎదురొస్తాయి. 720 మార్కుల్లో 180 ఫిజిక్స్‌వే. బయాలజీలో అందరూ బాగానే తెచ్చుకుంటారు కాబట్టి, సీటు ఎవరికన్నది చాలాసార్లు ఈ 45 బిట్ల దగ్గరే తేలుతుంది.

భయపడ్డ పిల్లలు మొదట పట్టుకునేది ఫార్ములాల పుస్తకం. రాత్రిళ్లు కూర్చుని బట్టీ పడతారు. ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నవాడిగా ఒక్క మాట చెప్పగలను: వాళ్లలో చాలామందికి కొరవడేది ఫార్ములా కాదు, బొమ్మ గీసే అలవాటు.

క్లాసులో నేను తరచూ ఇచ్చే లెక్క ఒకటుంది. 60 కిలోల మనిషి లిఫ్టులో తూకం మిషన్ మీద నిలబడ్డాడు. లిఫ్టు పైకి వెళుతూనే 2 మీ/సె² చొప్పున నెమ్మదిస్తోంది. మిషన్ ఎంత బలం చూపిస్తుంది? g విలువ 10 అనుకోండి. ‘పైకి’ అన్న మాట కంటబడగానే చేతులు 10కి 2 కలిపేస్తాయి. 720 న్యూటన్లు అని క్లాసులో సగం గొంతులు పలుకుతాయి. పెన్సిల్ తీసి మనిషిని ఒక చుక్కగా పెట్టమంటాను. కిందికి బరువు, పైకి మిషన్ తోపుడు, ఈ రెండే బాణాలు. పక్కన త్వరణానికి ఇంకో బాణం. వేగం పైకే ఉన్నా అది తగ్గుతోంది కాబట్టి త్వరణం బాణం కిందికి గీయాలి. అప్పుడు జవాబు 480. లిఫ్టు కిందికి వేగం పుంజుకుంటున్నా ఇదే 480 వస్తుందని వాళ్లంతట వాళ్లే కనిపెట్టినప్పుడు ఆ ముఖాలు చూడాలి! ఫార్ములా వాళ్లకు ముందే తెలుసు. తెలియంది గుర్తు ఎటు పెట్టాలన్నదే, దాన్ని బాణం చెప్పింది.

హాల్లోకి కాలిక్యులేటర్ రాదు, లాగ్ టేబుళ్లూ రావు. కాబట్టి రోజూ చేత్తో గుణించాలి, భాగించాలి, వర్గమూలాలు ఉజ్జాయింపుగా తీయాలి. π² దాదాపు 10, g కూడా దాదాపు 10. ఇది పట్టుకున్న పిల్లకు మీటరు పొడవున్న లోలకం ఆవర్తన కాలం 2 సెకన్లని కాగితం లేకుండానే తెలుస్తుంది. యూనిట్లు చూసి కొట్టేయడం కూడా నేర్పాలి. పౌనఃపున్యం అడిగినప్పుడు జవాబు సెకన్లలో తేలే ఆప్షన్‌ను క్షణం ఆలోచించకుండా తీసేయొచ్చు.

టైము సంగతి. 180 నిమిషాలకు 180 బిట్లు. బయాలజీ 90 బిట్లను ముందుగా, త్వరగా ముగించి మిగిలిన సమయంలో ఎక్కువ భాగం ఫిజిక్స్‌కు ఉంచుకునే పద్ధతి బైపీసీ పిల్లలకు బాగా నప్పుతుంది. తప్పుకు ఒక మార్కు పోతుందన్నది మరిచిపోకూడదు. ఈఏపీసెట్‌లో మైనస్ మార్కులు లేవు కాబట్టి అక్కడ ఏ బిట్టూ ఖాళీగా వదలనక్కర్లేదు. రెండూ రాసేవాళ్లు ఈ తేడా మనసులో ఉంచుకోవాలి.

వీటన్నిటికన్నా నన్ను బాధించేది గ్రాండ్ టెస్టుల తీరు. నిన్నటి పేపరులో ఎక్కడ తప్పామో చూసుకోకముందే రేపటి టెస్టు వచ్చి పడుతోంది. తప్పిన బిట్టు మూడు కారణాల్లో దేనివల్ల తప్పిందో రాసుకోవాలి: కాన్సెప్టు తెలియకా, ప్రశ్న సరిగ్గా చదవకా, గుణకారంలోనా? మొదటిదైతే పాఠం మళ్లీ చదవాలి. మూడోదానికి పాఠం ఎన్నిసార్లు చదివినా లాభం లేదు, చేతికి సాధన కావాలి. ఈ తేడా తెలియక లాంగ్ టర్మ్ పేరుతో మళ్లీ అదే మెటీరియల్‌ను మొదటి పేజీ నుంచి తిరగేస్తున్న పిల్లలు ఎందరో.

కాలేజీలు నడిపేవాళ్లను, తల్లిదండ్రులను నేను కోరేది ఒకటే. టెస్టు పెట్టిన మర్నాడు ఇంకేమీ పెట్టకండి. ఆ ఒక్క పూట తప్పిన లెక్కలు బొమ్మ గీసి మళ్లీ చేసుకోనివ్వండి. ఎన్ని మార్కులొచ్చాయన్న ప్రశ్న ఆ తర్వాత అడగండి.