కిందపడ్డ జట్టును నిలబెట్టే నేర్పు

2022 మే 22న సొంత మైదానం టర్ఫ్ మూర్‌లో న్యూక్యాసిల్ చేతిలో 1-2తో ఓడి బర్న్‌లీ ప్రీమియర్ లీగ్ నుంచి రెండో డివిజన్ అయిన చాంపియన్‌షిప్‌కు దిగిపోయింది. వేసవి గడిచేలోగా ఆ జట్టు పెళ్లివారు వెళ్లిపోయిన ఇల్లులా తయారైంది. గోల్‌కీపర్ నిక్ పోప్ తమను ఓడించిన న్యూక్యాసిల్‌కే వెళ్లాడు. ఏళ్ల తరబడి గోడ కట్టినట్టు నిలబడ్డ డిఫెండర్లు టార్కోస్కీ, బెన్ మీ కాంట్రాక్టు ముగిసి పైసా రాల్చకుండా వెళ్లిపోయారు. కుర్ర డిఫెండర్ నేథన్ కాలిన్స్‌ను రెండు కోట్ల పౌండ్లకు పైనే తీసుకుని వోల్వ్స్‌కు అమ్మేశారు. మెక్‌నీల్ ఎవర్టన్‌కు, కోర్నే వెస్ట్ హామ్‌కు పోయారు. దాదాపు పదేళ్ల పాటు క్లబ్బును మోసిన మేనేజర్ షాన్ డైష్‌ను ఏప్రిల్‌లోనే తీసేశారు. అలాంటి ఇంట్లోకి అడుగుపెట్టాడు విన్సెంట్ కొంపనీ. మాంచెస్టర్ సిటీ కెప్టెన్‌గా ఎంత పేరున్నా ఇంగ్లండ్‌లో మేనేజర్‌గా అతనికి ఒక్క మ్యాచ్ అనుభవం కూడా లేదు.

పదకొండు నెలలు తిరగకుండానే, 2023 ఏప్రిల్ 7న మిడిల్స్‌బ్రోలో 2-1తో గెలిచి, ఇంకా ఏడు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే బర్న్‌లీ ప్రమోషన్ ఖాయం చేసుకుంది. సీజన్ ముగిసేసరికి 101 పాయింట్లు, 87 గోల్స్, 46 మ్యాచ్‌ల్లో మూడే ఓటములు.

ఫుట్‌బాల్‌లో చాంపియన్ జట్టుకు ఇంకో స్టార్‌ను కొనిపెట్టడం పెద్ద విద్యేమీ కాదు, డబ్బుంటే చాలు. కిందపడి రెలిగేట్ అయిన జట్టును ఒక్క వేసవిలో తిరిగి కట్టడమే అసలైన విద్య. మంచి ఆటగాళ్లు వెళ్లిపోతామని పోరుపెడతారు. మిగిలినవాళ్లకు ఓడిపోవడం అలవాటైపోయి ఉంటుంది. టీవీ డబ్బు పడిపోతుంది, జీతాలు మాత్రం అలాగే ఉంటాయి. ముందున్నవి 46 మ్యాచ్‌లు, చాలా వారాల్లో మంగళవారం ఒకటి, శనివారం ఒకటి. 24 జట్లలో మొదటి రెండింటికే నేరుగా ప్రమోషన్. ఆ తర్వాతి కొన్ని స్థానాల వాళ్లు ప్లేఆఫ్స్‌లో కొట్టుకుని ఒక్కరు పైకి వెళ్తారు. కిందపడ్డ క్లబ్బులకు ప్రీమియర్ లీగ్ ఇచ్చే 'పారాచూట్' సొమ్ము ఉంటుంది. అది ఏటేటా తగ్గుతూ మూడేళ్లు వస్తుంది, ఒక్క సీజనే పైన ఆడి దిగితే రెండేళ్లే. ఆ సొమ్ము ఉన్నందువల్లే ఈ పని సులువని అనుకునేవాళ్లు సండర్లాండ్ కథ వినాలి. దాని దగ్గరికి వద్దాం.

ముందు కొంపనీ పనితనం. అతను ఎవరెవర్ని తెచ్చాడన్న దానికంటే ఎక్కడెక్కడ వెతికాడన్నది చూడాలి. మిగతా క్లబ్బులు చాంపియన్‌షిప్‌లో ఆరితేరిన పాతకాపుల కోసం ఎగబడుతుంటే, అతను తనకు అరచేతి గీతల్లా తెలిసిన బెల్జియం లీగ్‌కు వెళ్లాడు. ఆండెర్లెక్ట్‌లో తన దగ్గరే ఆడిన మిడ్‌ఫీల్డర్ జోష్ కల్లెన్, సర్కిల్ బ్రూజ్ నుంచి విటీన్యో, షార్లెర్వా నుంచి అనాస్ జరూరీ, ఆంట్వెర్ప్ నుంచి మాన్యుయెల్ బెన్సన్ వచ్చారు. ఇంగ్లిష్ అభిమానుల్లో చాలామంది ఆ పేర్లు వినను కూడా లేదు. సిటీ నుంచి గోల్‌కీపర్ మురిచ్‌ను కొన్నాడు. సిటీ కుర్రాడు హార్వుడ్-బెల్లిస్, చెల్సీ లెఫ్ట్ బ్యాక్ ఇయాన్ మాట్సెన్, సౌతాంప్టన్ నుంచి నేథన్ టెల్లా లోన్ మీద చేరారు. అంతమందిని తెచ్చినా పాతవాళ్లందరినీ ఊడ్చేయలేదు. జాక్ కార్క్, బ్రౌన్‌హిల్, ఆష్లీ బార్న్స్, జే రోడ్రిగెజ్, గుడ్‌ముండ్‌సన్ ఉండిపోయారు. డైష్ కాలంలో బంతిని ఆకాశంలోకి తన్ని దాని వెంట పరుగెత్తిన మనుషులే ఇప్పుడు సొంత గోల్ ముందు నుంచి చిన్న చిన్న పాస్‌లతో ముందుకు రావడం నేర్చుకున్నారు. ముప్పై దాటిన కార్క్‌ను కల్లెన్ పక్కన నిలిపి ఆడించిన తీరు ఒక్కటి చాలు కొంపనీ కంటిచూపు ఎలాంటిదో చెప్పడానికి.

ఆ జట్టు ఆట ఎంత చూసినా తనివి తీరదు. గోల్‌కీపర్ బంతి అందుకోగానే కల్లెన్ డిఫెండర్ల ముందుకు దిగుతాడు. మాట్సెన్ గీత వదిలి మధ్యకు వస్తాడు. ప్రత్యర్థి వింగర్ అతని వెంట రావాలో గీత దగ్గరే కాపు కాయాలో తేల్చుకునేలోగా బంతి ఆ ఖాళీలోంచి జరూరీని చేరిపోతుంది. కుడివైపు బెన్సన్‌ది ఒకటే ఎత్తు: గీత దగ్గర బంతి తీసుకుని, లోపలికి కోసుకొచ్చి, ఎడమ కాలితో దూరపు స్తంభం వైపు ఒంపు తిప్పి కొట్టడం. లీగంతటికీ తెలిసిన ఆ ఎత్తును ఎవరూ ఆపలేకపోయారు. ఏప్రిల్ 25న బద్ధశత్రువు బ్లాక్‌బర్న్ సొంత మైదానం ఈవుడ్ పార్క్‌లో బెన్సన్ గోల్‌తోనే 1-0తో గెలిచి బర్న్‌లీ టైటిల్ అందుకుంది. బర్న్‌లీ అభిమానికి అంతకంటే కావలసిందేముంది!

ఇదే విద్యలో రఫా బెనితెజ్‌ది వేరే బాణీ. 2016లో న్యూక్యాసిల్ దిగిపోయినప్పుడు, చాంపియన్స్ లీగ్ గెలిచిన మేనేజర్ రెండో డివిజన్‌లో ఉంటాడని ఎవరూ అనుకోలేదు. రెలిగేషన్ ఖాయమయ్యాక ఆడిన చివరి మ్యాచ్‌లో ఆ జట్టు టోటెన్‌హామ్‌ను 5-1తో చిత్తు చేసింది. స్టేడియమంతా అతన్ని ఉండమని పాడింది, అతను ఉండిపోయాడు. వైనాల్డమ్‌ను లివర్‌పూల్‌కు, సిసోకోను బదిలీల ఆఖరి రోజున టోటెన్‌హామ్‌కు అమ్మి ఐదు కోట్ల పౌండ్లకు పైగా రాబట్టాడు. ఆ డబ్బుతో మెరుపు పేర్ల వెంట పడలేదు. చాంపియన్‌షిప్ బురదలో ఆడి గెలిచిన చరిత్ర ఎవరికుందో చూశాడు. బోర్న్‌మత్‌ను పైకి తెచ్చిన మాట్ రిచీ, క్రిస్టల్ ప్యాలెస్ బెంచీ మీద కూర్చున్న డ్వైట్ గేల్, హల్ నుంచి డియామే, ఆస్టన్ విల్లా నుంచి కియరన్ క్లార్క్ వచ్చారు. 22 ఏళ్ల జమాల్ లాసెల్స్ చేతికి కెప్టెన్ పట్టీ కట్టాడు. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడినా అతను కంగారుపడలేదు. సెప్టెంబర్ 28న నారిచ్ మీద ఇంజురీ టైంలో కూడా 2-3తో వెనకబడి ఉన్న జట్టు, 95వ నిమిషంలో గూఫ్రాన్, 96వ నిమిషంలో గేల్ గోల్స్ కొట్టగా 4-3తో గెలిచింది. గేల్ ఆ లీగ్ సీజన్‌లో 23 గోల్స్ చేశాడు. చివరి రోజున బార్న్‌స్లీని 3-0తో ఓడించి, బ్రైటన్ డ్రా చేసుకోవడంతో ఒక్క పాయింటు తేడాతో న్యూక్యాసిల్ చాంపియన్ అయింది. బజారుకు వెళ్లే ప్రతి మేనేజరూ ముందు ఆ వేసవి కొనుగోళ్లను చదువుకోవాలి.

అదే క్లబ్బులో 2009లో మేనేజర్ క్రిస్ హ్యూటన్‌కు ఆ పాటి డబ్బు కూడా లేదు. యజమాని క్లబ్బును అమ్మకానికి పెట్టాడు, ఓవెన్, మార్టిన్స్, బసాంగ్, డఫ్ వెళ్లిపోయారు. సన్నాహక మ్యాచ్‌లో లేటన్ ఓరియంట్ చేతిలో 6-1తో పరువు పోయింది. ఆ ఓటమి తర్వాత సీనియర్లు కూర్చుని, ఎవరు ఉంటారో ఎవరు పోతారో తేల్చుకున్నారు. నోలన్, బార్టన్, హార్పర్, కొలొచీనీ, గుటియెర్రెజ్ ఉండిపోయారు. క్లబ్బు సొంత అకాడమీ కుర్రాడు ఆండీ క్యారోల్ 17 గోల్స్ చేశాడు, నోలన్ ఇంకో 17. సొంత మైదానంలో ఒక్కటీ ఓడకుండా 102 పాయింట్లు! హ్యూటన్ గొప్పతనానికి దక్కాల్సిన గౌరవంలో సగం కూడా దక్కలేదు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో అతన్ని ఉద్యోగంలోంచి తీసేయడం ఆ క్లబ్బు చరిత్రలో చెరగని మచ్చ.

ఈ విద్య కొత్తదేమీ కాదు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 1972లో కిందపడింది, బ్రయాన్ క్లఫ్ 1975లో వచ్చాడు, ఏడాదిన్నర తర్వాత సహాయకుడిగా పీటర్ టేలర్ తోడయ్యాడు. న్యూక్యాసిల్ వద్దనుకున్న ఫ్రాంక్ క్లార్క్‌ను ఉచితంగా తెచ్చుకున్నారు, గ్యారీ బర్టిల్స్‌ను లీగ్‌కు బయట ఆడే జట్టులో పట్టుకున్నారు. 1977లో మూడో స్థానంతో పైకి వెళ్లి, మరుసటి ఏడాదే ఇంగ్లండ్ చాంపియన్లై, 1979, 1980ల్లో యూరోపియన్ కప్పులు గెలిచారు. పనికిరారని పక్కనపెట్టిన వాళ్లలో పనికొచ్చేదేమిటో పసిగట్టడంలో టేలర్‌కు సాటి ఇప్పటికీ ఎవరూ లేరు.

ఉన్నవాళ్లను నిలుపుకోవడంలో మేనేజర్ డానియెల్ ఫార్కేది పైచేయి. 2020లో 21 పాయింట్లతో నారిచ్ ప్రీమియర్ లీగ్ అడుగున పడితే, లూయిస్‌ను, గాడ్‌ఫ్రీని అమ్మి బ్వెండియాను, పుక్కీని ఉంచుకున్నాడు. టోటెన్‌హామ్ కుర్రాడు ఒలివర్ స్కిప్‌ను లోన్ మీద తెచ్చి మధ్యలో కుదురుగా నిలబెట్టాడు. పుక్కీ 26 గోల్స్, జట్టుకు 97 పాయింట్లు, టైటిల్. తర్వాత లీడ్స్ మేనేజర్‌గా 2024 ప్లేఆఫ్ ఫైనల్ ఓడాక సమర్‌విల్, ఆర్చీ గ్రే, రట్టర్ ముగ్గురూ వెళ్లిపోతే, జర్మనీ రెండో డివిజన్ నుంచి ఆవో తనాకాను ఏరి తెచ్చాడు. మరుసటి ఏడాది 100 పాయింట్లతో చాంపియన్.

ఇక సండర్లాండ్. 2017లో దిగిపోగానే గోల్‌కీపర్ పిక్‌ఫోర్డ్‌ను ఎవర్టన్‌కు కోట్ల పౌండ్లకు అమ్మారు. ఆ డబ్బులో జట్టుకు చేరింది నామమాత్రం. అతని స్థానంలో స్టీల్, రైటర్, క్యాంప్ అని ముగ్గురిని మార్చి మార్చి నిలబెట్టారు, ఒక్కరూ కుదురుకోలేదు. భారీ జీతాల కాంట్రాక్టులు మెడకు గుదిబండలయ్యాయి. డిఫో ఉచితంగా వెళ్లిపోయాడు. మేనేజర్ గ్రేసన్ అక్టోబర్ కూడా దాటలేదు, కోల్‌మన్ వచ్చినా లాభం లేకపోయింది. 37 పాయింట్లతో అట్టడుగు, వరసగా రెండో రెలిగేషన్. నలభై వేలకు పైగా సీట్లున్న స్టేడియం, ఆ ఊరి ఓడరేవు కార్మికుల మనవలు నింపే స్టేడియం, మూడో డివిజన్‌లో నాలుగేళ్లు మగ్గింది. పారాచూట్ సొమ్ము అప్పుడు కూడా వచ్చింది!

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరగా గుచ్చుకునే కథ బ్లాక్‌బర్న్ రోవర్స్‌ది. 1995లో ప్రీమియర్ లీగ్ చాంపియన్ అయిన ఆ క్లబ్బును 2010 నవంబర్‌లో కొన్నది మన వెంకీస్. బి.వి. రావు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన కోళ్ల వ్యాపారమే పుణె చేరి అంత పెద్దదైంది. కొన్న నెలలోపే అనుభవజ్ఞుడు శామ్ అలర్డైస్‌ను తీసేశారు. 2012లో జట్టు కిందపడింది. ఆ తర్వాతి సీజన్‌లో హెనింగ్ బెర్గ్ 57 రోజులు, మైకేల్ ఆపిల్‌టన్ 67 రోజులు మేనేజర్లుగా ఉన్నారు. హడర్స్‌ఫీల్డ్ నుంచి జోర్డన్ రోడ్స్‌ను 80 లక్షల పౌండ్లకు తెచ్చారు. పాపం, అతను తన వంతుగా 27 లీగ్ గోల్స్ చేశాడు. అయినా జట్టు 17వ స్థానం. ఒక్క స్ట్రైకర్‌ను కొంటే జట్టు కట్టినట్టు కాదని ఇంతకంటే ఏం రుజువు కావాలి? 2017లో ఇంకా కిందికి, మూడో డివిజన్‌కు జారాక, అంతకు కొద్ది నెలల ముందే వచ్చిన మేనేజర్ టోనీ మోబ్రే గిల్లింగ్‌హామ్ నుంచి బ్రాడ్లీ డ్యాక్‌ను చవగ్గా తెచ్చి, డానీ గ్రాహమ్, మల్‌గ్రూ లాంటి పెద్దవాళ్ల చుట్టూ కుర్రాళ్లను పేర్చి 96 పాయింట్లతో తిరిగి పైకి తెచ్చాడు. ఏళ్ల తరబడి వెంకీస్ పోసిన డబ్బుకు కొదవ లేదు. ఆ డబ్బు 2012లోనే మోబ్రే లాంటివాడి చేతిలో పడి ఉంటేనా!

ఇప్పుడు ఈ విద్యకు పట్టిన చీడ మరీ ఘోరం. రెలిగేట్ అయిన క్లబ్బు పారాచూట్ సొమ్ముతో లోన్ ఆటగాళ్లను కుప్పపోసి పైకి వెళ్తుంది. వెళ్లగానే ఆ జట్టును తనే చీల్చేసుకుంటుంది. బర్న్‌లీయే చూడండి. టెల్లా, మాట్సెన్, హార్వుడ్-బెల్లిస్ లోన్ ఆటగాళ్లు కాబట్టి వెళ్లిపోయారు. కొంపనీ పనిలో లోపం ఉందంటే అది ఇదే, ఒప్పుకోవాలి. ఆ ఖాళీలు పూడ్చే పేరుతో డజనుకు పైగా కొత్తవాళ్లను తెచ్చారు. ప్రమోషన్ తెచ్చిన గోల్‌కీపర్‌ను పక్కన కూర్చోబెట్టారు, బార్న్స్ కూడా వెళ్లిపోయాడు. 101 పాయింట్ల జట్టు మరుసటి ఏడాది 24 పాయింట్లతో దిగిపోయింది. 2024లో పైకి వచ్చిన ముగ్గురూ, అంటే లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్, 2025లో కిందికే. సౌతాంప్టన్‌కు 38 మ్యాచ్‌ల్లో వచ్చింది 12 పాయింట్లు. దీన్ని జట్టు కట్టడం అంటారా? క్లబ్బు యజమానులు మూడు పనులు చేయాలి: ప్రతి కాంట్రాక్టులో రెలిగేట్ అయితే జీతం తగ్గే షరతు రాయించాలి, లోన్ ఆటగాళ్లను ఇద్దరికి మించి మొదటి పదకొండుమందిలో ఆడించకూడదు, ప్రమోషన్ తెచ్చిన వాళ్లలో కనీసం ఏడెనిమిది మందిని పైన కూడా ఆడనివ్వాలి. మేనేజర్ స్కాట్ పార్కర్ 2024-25లో అదే బర్న్‌లీతో 46 మ్యాచ్‌ల్లో 16 గోల్సే ఇచ్చి 100 పాయింట్లు తెచ్చాడు. అంతటి పనిని ప్రతిసారీ పైకి వెళ్లగానే విప్పేసుకుంటే అభిమాని దేనికి టికెట్ కొనాలి?

ఈ బాధ ఇంగ్లండ్ వాళ్లదే కాదు. కోచ్ రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్ది 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించిన నగరం మనది. ఆయనే భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్లాడు. ఆ నగరం పేరు మోసిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి, రెండేళ్లకే జీతాల బకాయిలతో ఆటగాళ్లు వెళ్లిపోగా సీజన్ మొత్తంలో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున ముగించింది. అప్పటికి మన దగ్గర రెలిగేషన్ అమల్లో లేదు కాబట్టి కింద నుంచి తిరిగి కట్టుకునే దారే తెరుచుకోలేదు. చివరికి 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ కాగితం మీద రాసుకున్న ప్రమోషన్-రెలిగేషన్‌ను రెండు వైపులా అమలు చేసి తీరాలి. ఇంగ్లండ్ చాంపియన్‌షిప్‌లో రెండో స్థానానికి కూడా నేరుగా ప్రమోషన్ దక్కుతుంది. మన రెండో స్థాయి ఐ-లీగ్‌లో 2022-23లో, 2023-24లో వరసగా రెండో స్థానంలో నిలిచిన మన శ్రీనిధి దక్కన్ మాత్రం ఉన్న చోటే ఉండిపోయింది.