ఎదుటివాని వేషము

గడచిన వారమున ఉప్పల్ స్టేడియములో ఆట ముగిసిన రాత్రి, నారింజరంగు జెర్సీలు ధరించిన జనము మెట్రో స్టేషను మెట్లెక్కుచుండగా, నా ప్రక్కన నిలిచియున్న విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఒక మాట అనిరి. "చూసిన్రా, ఒక్కని వీపు మీదనన్న వాని సొంత పేరున్నదా? అందరు పరాయి పేర్లు మోసుకొని తిరుగుతున్నరు. ఇగ తామెవరో వీళ్ళకు ఎప్పుడు ఎరుకైతది?"

ఆయనయెడల నాకు గౌరవము మెండు. అయినను ఆ మాట మనసున గ్రుచ్చుకొన్నది. ఏలయన, ఆ జెర్సీలలో ఉన్నవారిని నేనెరుగుదును. పగలంతయు నాచారము పారిశ్రామికవాడలో యంత్రము ముందు నిలిచి పనిచేసిన కార్మికుడు, బోడుప్పల్ నుండి తండ్రి భుజముపై కూర్చుండి వచ్చిన బాలుడు, డిగ్రీ పరీక్షలు వ్రాసి ఫలితములకై ఎదురుచూచుచున్న యువతి. మూడు నాలుగు గంటలసేపు మరియొకని పేరు వీపున ధరించి, అతడు కొట్టినపుడు తామే కొట్టినట్లు పొంగి, అతడు ఔటై వెనుదిరిగినపుడు తామే ఓడినట్లు క్రుంగి, ఇల్లు చేరి, ఆ జెర్సీని దండెముపై వేసి, మరునాటి ఉదయము తమ తమ పేర్లతో హాజరుపట్టీలలో సంతకములు చేయువారు. వీరిలో తమను తాము మరచినవారెవరు?

ఈ శీర్షికను మొదటినుండి చదువుచున్నవారికి ఈ విషయమున నా పట్టుదల తెలియనిది కాదు. 1947 జూలైలో పుట్టిన 'చందమామ' మొదలుకొని విఠలాచార్య జానపద చిత్రముల వరకు, యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ'లోని రాజశేఖరము వరకు, మన జనము ప్రీతితో చదివినదానిని, చూచినదానిని అంతటిని పలాయనమని త్రోసిపుచ్చిన విమర్శకులతో నేనేనాడును ఏకీభవింపలేదు. వంటయిల్లు సర్దుకొని, మధ్యాహ్నము గంటసేపు నవలలో తలదాచుకొన్న ఇల్లాలు, పిల్లలు బడినుండి వచ్చువేళకు లేచి పొయ్యి వెలిగించినది. పారిపోయినవారు తిరిగి రారు; ఆమె ప్రతిదినము తిరిగి వచ్చినది. కావున వేషము వేయుట దోషము కాదనియు, విప్పుట తెలిసియుండిన చాలుననియు నా వాదము.

ఆ వాదము నాకు గ్రంథములలో దొరకినది కాదు, నాచారములో దొరకినది. అక్కడ నందమూరి తారక రామారావుగారి కుటుంబమువారి రామకృష్ణా స్టూడియో ఉన్నది. పారిశ్రామికవాడలో నేను చిన్న ఉద్యోగము చేయుచుండిన కాలమున, మధ్యాహ్నపు విరామములో మేము చాయ త్రాగుటకు పోవు హోటలుకు, పౌరాణికమేదైన తీయుచున్న దినములలో, అసురులును, రాజభటులును, అంతఃపుర కాంతలును వచ్చుచుండిరి. ఆయిలు మరకల చొక్కాలతో మేము ఒక బల్ల దగ్గర, అట్టపై వెండికాగితము అతికించిన కవచములతో వారు మరియొక బల్ల దగ్గర. ఎవరును ఎవరిని చూచియు ఆశ్చర్యపడెడివారు కారు.

వారిలో ఒక జూనియర్ ఆర్టిస్టు ముఖము నాకిప్పటికిని కన్నుల ముందున్నది. రాజు వేషము అతనికెన్నడును దక్కలేదు. సభాఘట్టములలో ఎప్పుడును సింహాసనమునకు వెనుక నిలుచు సామంతుడే. అతడు హోటలులోనికి రాగానే చేయు మొదటిపని కిరీటము తీసి, దినపత్రికలో చుట్టి, బల్లక్రింద తన కాళ్ళనడుమ భద్రముగా పెట్టుకొనుట. తరువాత పెట్టుడుమీసపు అంచును ఒక వ్రేలితో ఒత్తిపట్టుకొని, గ్లాసును పెదవికి తాకీ తాకనట్లు చాయ త్రాగెడివాడు. తడిసిన మీసము ఊడును గదా! సాయంకాలము పని ముగిసిన పిమ్మట దూదితో కొబ్బరినూనె అద్ది ముఖమును తుడుచుకొనుచుండగా, రంగుక్రింద నుండి అతని స్వంత చర్మము కొంచెము కొంచెముగా బయటపడుచుండెడిది. చెవుల వెనుక మాత్రము రంగు మిగిలిపోయెడిది. ఆ రంగుతోనే బేటా డబ్బులు లెక్కపెట్టుకొని బస్సెక్కెడివాడు. "కిరీటం ఉన్నంతసేపు మెడ దానంతటదే నిలబడతది సార్. తీసినంక మనం వంచుకోవాలె," అని అతడొకనాడు నాతో ననెను. ఇంత సునాయాసముగా ఒక లోకమునుండి మరియొక లోకమునకు దాటు మానవుని చూచిన తరువాత, భావలోకము మనుష్యుని మ్రింగివేయుననెడి భయము నాకు కలుగలేదు.

సురభివారిని చూచినపుడును ఈ విశ్వాసమే బలపడినది. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి 'కీచకవధ'తో ఆరంభమైన ఆ కుటుంబ నాటకసమాజములో బిడ్డలు రంగస్థలముపైననే పెరుగుదురు. ఊయలలోని శిశువు కృష్ణుడగును, కొన్నియేండ్లకు లవుడో కుశుడో యగును, యౌవనమున అభిమన్యుడు, మీసము నెరసిన పిదప శకుని, ధృతరాష్ట్రుడు. వేషము లేని రాత్రి తెర లాగును, దీపము చూచును. ఇట్టి జీవితము గడపిన వ్యక్తిని నీవెవ్వడవని అడిగిన తడబడునా? తడబడడు.

తడబడినవారు ఉన్నచో ప్రేక్షకులలోనే యున్నారు. తిరుపతి యాత్రకు పోయినవారు అటనుండి మద్రాసుకు పోయి, రామారావుగారి యింటిముందు నిలిచి ఆయన దర్శనము చేసికొనుచుండిన కాలమొకటి యున్నది. అదియు నాకు దోషముగా తోచలేదు. దేవుని చూచుటకు పోయినవారు, దేవుని వేషము వేసినవానిని కూడ ఒకమారు చూచి వచ్చిరి, అంతియే.

ఇంతవరకు వ్రాసి ఈ వారము వ్యాసము ముగింపదలచితిని. కాని మా వీథిలోని ఒక తల్లి వచ్చి చెప్పిన మాట విన్న తరువాత కలము సాగలేదు.

"అంకుల్, మా వాడు రాత్రి పన్నెండు దాక డాబా మీద ఒక్కడే తిరుగుతడు. చెవులల్ల ఇయర్‌ఫోన్లు. ఏదో గొణుక్కుంటడు, నవ్వుకుంటడు. అడిగితే ఏం లేదమ్మా అంటడు. ఇంటర్ రెండో ఏడు. పుస్తకం పడితే పది నిమిషాలు కూసోడు." ఆమె కన్నులలో నిద్ర లేదు.

ఆ బాలుని నేను చిన్ననాటినుండి ఎరుగుదును. డాబాపైకి పోయి, నీళ్ళ ట్యాంకు ప్రక్కన కూర్చుండి మాటలలో పెట్టితిని. మొదట సిగ్గుపడెను, పిమ్మట చెప్పెను. అతడు తన కథలో ఉప్పల్ స్టేడియమున ఆడుచుండును. చివరి ఓవరును ఎదుర్కొనువాడు అతడే. ప్రతి రాత్రియు ఆ ఓవరునే ఆడును. ప్రతి రాత్రియు గెలుచును. ఈ ఆట అతనికి ఏడవ తరగతినుండి యున్నదట. ఇది నిజము కాదని నీకు తెలియునా, అని నేను మెల్లగా అడిగితిని. "తెల్వకేంది తాతా! తెలుసు. నిజం కాదు గనుకనే ఎవ్వరికి చెప్పలే," అనెను.

ఇక్కడ నా పాత వాదము చాలలేదు. వేషము వేరు, తాను వేరు అని తెలిసియున్న చాలునని గదా నేను ఇన్నాళ్ళు చెప్పుచున్నది? ఈ బాలునికి ఆ తెలివిడి నిండుగా ఉన్నది. అయినను అతని నిద్రయు, చదువును, స్నేహములును ఆ డాబాపై హరించుకుపోవుచున్నవి. ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎలీ సోమర్ అను మనస్తత్త్వవేత్త 2002లో ఆరుగురు రోగుల గాథలను ఆధారము చేసికొని, జీవితమును అడ్డగించునంతటి పగటికలలను గురించి వ్రాసెను. అటువంటివారిలో అనేకులు అటునిటు నడచుచు, సంగీతము వినుచు తమ కథలను నడపుదురని తరువాతి పరిశీలనలు తెలిపినవి. మనోవ్యాధుల అధికార పట్టికలలో దీనికింకను చోటు లేదు. ఇది ఉన్మాదము కాదు. ఏలయన వీరికి కల యేదో, నిజమేదో స్పష్టముగా తెలియును. తెలిసియు పోవుదురు. విప్పుటకు కవచము లేదు, తుడుచుటకు రంగు లేదు, చుట్టిపెట్టుటకు కిరీటము లేదు. ఇక ఆ వేషము ముగియుట ఎప్పుడు?

అయినచో భేదమెక్కడ నున్నది? స్టేడియములోని జెర్సీకిని, డాబాపైని ఆటకును ఉన్న అంతరమును నేను చాల ఆలోచించితిని. స్టేడియమున మన వీరుడు ఓడును. మొదటి బంతికే ఔటగును. ఇరువదివేల కంఠములు ఒక్కసారిగా మూగవోవును. మన కోరికకు లోబడని ఎదుటివాడొకడు అక్కడ బంతి పట్టుకొని నిలిచియుండును. డాబాపై ఎదుటివాడు లేడు.

కాశ్మీరమున వెయ్యేండ్లక్రిందట అభినవగుప్తుడు భరతుని నాట్యశాస్త్రమునకు 'అభినవభారతి' యను వ్యాఖ్య వ్రాయుచు, రసాస్వాదమునకు ఏడు విఘ్నములు చెప్పెను. అందొకటి, ప్రేక్షకుడు తన స్వంత సుఖదుఃఖములకే వివశుడై యుండుట. రంగస్థలముపై రాముడు దుఃఖించుచుండగా తన యింటి వ్యవహారమునే తలపోయువానికి రసము దక్కదు. ఆ మాటను నేను యౌవనమున కేవలము అలంకారశాస్త్ర విషయముగా చదివితిని. నేడది ఆ బాలుని ఆటకు సరిగా అన్వయించుచున్నది. అతడు తననుండి పారిపోవుచున్నాడని తల్లి భయము. నాకు దానికి విపర్యయము కనబడినది: అతడు తననుండి ఒక్క అడుగైనను బయటకు పోవుట లేదు. ఆ స్టేడియమంతయు అతడే. అక్కడ మరియొక ప్రాణి లేదు. నేను మందలింపవలసినది అతడు దూరము పోయినందులకు కాదు, పోవలసినంత దూరము పోనందులకు.

సామంతుని చూచి నేను నేర్చినది సత్యమే. కాని అతడు కిరీటము తీయగలిగినందువలననే క్షేమముగా నుండెనా? ఒక వారము అసురుడు, మరియొక వారము ఆ అసురునిచే చంపబడిన భటుడు. నేడు గెలిచిన పక్షము, రేపు ఓడిన పక్షము. సురభి నటుడును అట్లే. అభిమన్యుని వేసినవాడే కాలము గడచిన పిమ్మట శకునియై, అభిమన్యుని చంపించిన పక్షమున నిలుచును. ఏ ఒక్క వేషమును అతనిని సొంతము చేసికొనలేకపోవుటకు కారణము, దానికి విరోధియైన వేషము కూడ అతని ఒంటిపైకి ఎక్కియుండుట.

దీనికి మనకున్న మహోదాహరణము 'దాన వీర శూర కర్ణ'. రామారావుగారు తన రామకృష్ణా స్టూడియోలో 43 దినములలో చిత్రీకరించి, 1977 జనవరి 14న విడుదల చేసిన ఆ దాదాపు నాలుగు గంటల చిత్రమున దర్శకుడాయనే, కర్ణుడాయనే, సుయోధనుడాయనే, కృష్ణుడును ఆయనే. చంపించినవాడును, చచ్చినవాడును, ఆ చచ్చినవానికై విలపించినవాడును ఒక్క శరీరమే. ఉదయమున కృష్ణుడై నిర్ణయించిన న్యాయమును సాయంకాలమున సుయోధనుడై ధిక్కరింపవలెను. కొండవీటి వెంకటకవిగారు ఆ సుయోధనునికి వ్రాసిన సభాసంభాషణమును మన కళాశాలల కుర్రవాండ్రు ఏబదియేండ్లుగా కంఠస్థము చేయుచున్నారు. కృష్ణుని మాటలు గాదు, సుయోధనుని మాటలు! కులము తక్కువని సభలో అవమానింపబడిన కర్ణుని పక్షమున, మనము చిన్ననాటినుండి దుష్టుడని వినుచున్నవాడు నిలువబడి వాదించును; ఆ వాదమును పండ్రెండేండ్ల పిల్లవాడు గుండెనిండ శ్వాస పీల్చి వల్లించును. వల్లించునంతసేపు అతడు తనకు పరాయివాడైన ఒకని గుండెలో కాపురముండును. తానెవరో కర్ణునికి చాలకాలము తెలియదు, కర్ణుడెవరో సుయోధనునికి తెలియదు. తెలిసిన కృష్ణుడు యుద్ధము ముంచుకొనివచ్చువరకు చెప్పడు. ఈ ముగ్గురి లోపలికిని పోయి వచ్చినవాడు తనను గూర్చి తాను వెనుకటికంటె ఎక్కువ ఎరిగియుండును.

నీవు ఎదుర్కొను ఆ బౌలరు పేరేమని ఆ బాలుని అడిగితిని. అతడు నావైపు చూచి, ట్యాంకువైపు చూచి, చాలసేపు మాటాడలేదు. "పేరు లేదు తాతా," అనెను. వాని ఊరేదో, కుడిచేతివాడో ఎడమచేతివాడో కూడ తెలియదు. అన్ని రాత్రులు ఆ బౌలరును ఓడించినవానికి ఆ బౌలరు ముఖము తెలియదు.

తల్లికి నేను చెప్పినది రెండు మాటలు. డాబాకు తాళము వేయవద్దు. నిద్రయు తిండియు చదువును ఇట్లే దెబ్బతినుచుండినచో వైద్యుని చూపుటకు సంకోచింపవద్దు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయమున్నది. అంతదూరము పోవుటకు ముందు 14416కు ఫోను చేసిన టెలీ మానస్‌వారు ఉచితముగా తెలుగులోనే మాటాడుదురు. అది పిచ్చివాండ్ర నంబరు కాదా అంకుల్, అని ఆమె అడిగినది. కాదని చెప్పి, కాగితముపై వ్రాసి యిచ్చితిని.

మూడవ మాట బాలునికే చెప్పితిని. ఈ వేసవిలో మా కాలనీ పిల్లలు కమ్యూనిటీ హాలులో జూదపు ఘట్టము ఆడదలచినారు. మొన్న వేషములు పంచుకొనుచుండగా ఇతడును వచ్చి, అర్జునుని వేషము కావలెనని అడిగెను. అర్జునులు అప్పటికే ముగ్గురున్నారు. శకునికెవ్వరును లేరు. పాచికలు వేయువాని చేతివ్రేళ్ళను, ఎదుటివాని ఆశను కనిపెట్టు వాని చూపును, వాని కడుపులోని మంటను అభ్యసింపవలసినచో ఎంత పనియో అతనికి వివరించితిని. తలయూపి విన్నాడు కాని, ఇంకను ఒప్పుకొనలేదు.