గేజీ చదువూ, స్కానర్ చదువూ

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మొరాయిస్తే, దాన్ని విప్పకుండానే లోపం పట్టుకునే పద్ధతులు రెండున్నాయి. మొదటిది హైడ్రాలిక్ కాలానిది: ఆయిల్ చూడడం, బండి నడపడం, ప్రెషర్ గేజీ బిగించడం. రెండోది ఎలక్ట్రానిక్ కాలానిది: స్కానర్ తగిలించి, కంట్రోల్ యూనిట్ దాచుకున్న కోడ్‌లనూ అంకెలనూ చదవడం. పాత పద్ధతిలో చేయి తిరిగినవాళ్లు స్కానర్‌ను పార్టులు అమ్ముకునే సాధనమంటారు. కొత్త పద్ధతివాళ్లు గేజీని ఊహాగానమంటారు. ఏది దేన్ని నిజంగా చూస్తుంది, ఏది దేన్ని చూసినట్టు భ్రమ పెడుతుంది అని నిలదీస్తే, ఇద్దరి వాదంలోనూ సగం నిలవదు.

పాత పద్ధతి పుట్టుక ఆ యంత్రం స్వభావంలోనే ఉంది. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్‌ను తెచ్చినప్పుడు గేరు ఎప్పుడు మారాలో నిర్ణయించింది ఆయిల్ ఒత్తిడే. పంపు ఒత్తిడి పుట్టిస్తుంది, వాల్వ్ బాడీ దాన్ని పంచుతుంది, ఆ ఒత్తిడితో క్లచ్‌లూ బ్రేక్ బ్యాండ్లూ బిగుస్తాయి. అందుకే ఆనాటి మెకానిక్ అడిగిన ప్రశ్నలన్నీ ఒత్తిడి గురించే: ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు, ఎక్కడ కారిపోతోంది.

ఈ పద్ధతి బలం ఒక్క ఉదాహరణలో తెలుస్తుంది. టయోటా ఏ340 నాలుగు గేర్ల ఆటోమేటిక్. 4రన్నర్, టకోమా బళ్లలో వచ్చింది. ఏడబ్ల్యూ4 పేరుతో 1987 నుంచి 2001 దాకా జీప్ చెరోకీలోనూ ఉంది. ఏ గేరులో ఏ క్లచ్ బిగుస్తుందో చెప్పే పట్టిక దాని మాన్యువల్‌లో ఉంటుంది. సీ1 క్లచ్ ముందుకు వెళ్లే నాలుగు గేర్లలోనూ పనిచేస్తుంది. సీ2 మూడు, నాలుగు, రివర్స్‌లలో. బీ3 బ్రేక్ రివర్స్‌లోనూ, లివర్ ఎల్‌లో పెట్టినప్పటి ఫస్ట్‌లోనూ. ఇప్పుడు ఒక బండి ఒకటి, రెండు గేర్లలో బాగా లాగుతూ, మూడో గేరులో ఇంజిన్ అరుపు పెరిగినా వేగం అందుకోక, రివర్స్‌లోనూ నీరసంగా ఉందనుకుందాం. ఒకటి, రెండు బాగున్నాయి కాబట్టి పంపు, సీ1 మీద అనుమానం తగ్గుతుంది. మూడుకూ రివర్స్‌కూ ఉమ్మడిగా ఉన్నది సీ2. అయితే రివర్స్ ఒక్కటే చూస్తే బీ3 కూడా దోషి కావచ్చు. అందుకు లివర్ ఎల్‌లో పెట్టి, యాక్సిలరేటర్ వదిలి చూస్తారు. ఇంజిన్ బండిని పట్టి ఆపుతుంటే బీ3 నిర్దోషి. మిగిలింది సీ2.

స్టాల్ టెస్ట్‌లోనూ ఇదే తర్కం. చక్రాలకు అడ్డాలు పెట్టి, రెండు బ్రేకులూ వేసి, డి లో పెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ ఒక వేగం దగ్గర ఆగిపోతుంది. చాలా కార్లలో అది 2000, 2800 ఆర్‌పీఎం మధ్య ఉంటుంది. డి, ఆర్ రెండింట్లోనూ ఆ హద్దు దాటితే లోపం ఉమ్మడి సరఫరాలో: ఆయిల్ మట్టం లేదా పంపు నుంచి వచ్చే లైన్ ప్రెషర్. ఒక్క ఆర్‌లోనే దాటితే రివర్స్‌కు పనిచేసే క్లచ్‌లలో. రెండింట్లోనూ బాగా తగ్గితే ఇంజిన్ బలహీనంగా ఉండాలి, లేదా ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ లోపలి స్టేటర్ వన్‌వే క్లచ్ జారుతుండాలి. ఆ స్టేటర్ మీద ఏ సెన్సారూ ఉండదు. దాని లోపాన్ని స్కానర్ నేరుగా చూపించలేదు. ఈ పరీక్ష చూపిస్తుంది.

పాత పద్ధతి బలహీనతలూ చిన్నవేం కావు. దానికి జ్ఞాపకం లేదు. హైవే మీద గంటసేపు నడిచి ఆయిల్ కాగాక మాత్రమే వచ్చే జారుడు షెడ్డుకు చేరేసరికి మాయమైతే గేజీకి చెప్పడానికి ఏమీ ఉండదు. స్టాల్ టెస్ట్ ఐదు సెకన్లు మించితే కన్వర్టర్‌లో ఆయిల్ కాగిపోతుంది. అప్పటికే అరిగిన క్లచ్‌ను పరీక్షే చంపేయవచ్చు. ఆయిల్ రంగు చూసి తీర్పు చెప్పడం ఇంకా బలహీనం. ఎరుపు కేవలం కలిపిన రంగు. నేటి ఆయిళ్లు ఏ నష్టం లేకుండానే నల్లబడతాయి. మాడు వాసనకు విలువుంది గానీ, ఏదో కాలిందని తప్ప ఏది కాలిందో అది చెప్పదు.

కొత్త పద్ధతి ఇక్కడ నిజంగా ముందుంది. క్రైస్లర్ 1989లో తెచ్చిన ఏ604లో కంప్యూటర్ ప్రతి క్లచ్ బిగుసుకోవడానికి ఎంత ఆయిల్ పడుతుందో లెక్కగట్టి, ఒక అంకెగా దాచేది. క్లచ్ అరిగేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. అంటే పెట్టె విప్పకుండానే అరుగుదలను కొలిచే వీలు కలిగింది. ఏ ముక్కూ ఏ చెవీ ఆ పని చేయలేవు. కన్వర్టర్‌లో ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా కలిపే లాకప్ క్లచ్ సంగతీ అంతే. అది పట్టినప్పుడు ఇంజిన్ వేగమూ, గేర్‌బాక్స్ వైపు తిరిగే టర్బైన్ వేగమూ ఇంచుమించు ఒకటే కావాలి. స్కానర్ తెరమీద ఇంజిన్ 2000, టర్బైన్ 1700 కనిపిస్తే జారుడు 300 అని అక్కడికక్కడే తెలుస్తుంది. కోడ్ పడిన క్షణంలో బండి వేగం, ఇంజిన్ వేడి వంటి వివరాలు కూడా నిలవ ఉంటాయి. అమెరికాలో 1996 నుంచి, భారతదేశంలో 2013 ఏప్రిల్ నుంచి బండి తన లోపాలను తానే నమోదు చేసుకునే ఓబీడీ-2 ప్రమాణం తప్పనిసరి కావడంతో ఈ చదువు చిన్న షెడ్డులకూ అందింది.

కానీ కోడ్‌లన్నీ ఒక జాతివి కావు. ఈ తేడా గమనించకపోవడమే కొత్త పద్ధతివాళ్ల పెద్ద లోపం. పీ0743 లాకప్ సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) కరెంటు దారిలో లోపం ఉందంటుంది. అది కంప్యూటర్ స్వయంగా కొలిచిన విషయం. మీటర్‌తో మళ్లీ కొలిచి నిర్ధారించుకోవచ్చు. పీ0741 అలాంటిది కాదు. లాకప్ పట్టమని చెప్పాను, వేగాలు కలవలేదు అని మాత్రమే దాని అర్థం. సోలెనాయిడ్ ఇరుక్కుందా, వాల్వ్ బాడీలో రంధ్రం అరిగిందా, కన్వర్టర్ లైనింగ్ పోయిందా, సీలు కారుతోందా అన్నది అది చెప్పదు. అది కంప్యూటర్ చేసిన ఊహ. ఆ ఊహ చూసి సోలెనాయిడ్ మార్చేవాడికీ, మాడు వాసన చూసి పెట్టె విప్పమనేవాడికీ తేడా చేతిలోని పరికరం ధరే. పీ0700 మరీ పలచన. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో ఉంది, అక్కడికెళ్లి అడుగు అని ఇంజిన్ కంప్యూటర్ చెప్పే కబురు మాత్రమే అది. చవక రీడర్లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

తప్పుదారి పట్టించే కోడ్‌కు మెర్సిడెస్ 722.6 ప్రసిద్ధ ఉదాహరణ. భారత్‌లో మహీంద్రా అమ్మిన రెక్స్‌టన్‌లో ఉన్నదీ ఈ కుటుంబపు ఐదు గేర్ల పెట్టే. దాని పక్కన వైర్లు లోపలికి వెళ్లే ప్లగ్గుకు రబ్బరు రింగులుంటాయి. అవి గట్టిపడితే ఆయిల్ కనెక్టర్‌లోకి చేరి, వైర్ల లోపలే పైకి పాకి కంట్రోల్ యూనిట్ దాకా వెళ్లగలదు. అప్పుడు కోడ్‌లు సెన్సార్లనో కంప్యూటర్‌నో నిందిస్తాయి. దోషి మాత్రం చవకైన రింగు. కనెక్టర్ ఊడదీసి వేలితో తడిమినవాడికే అది దొరుకుతుంది.

మరో చిక్కు కనిపించకుండా ఉంటుంది. క్లచ్ అరుగుతుంటే కంప్యూటర్ ఒత్తిడినీ సమయాన్నీ సవరించుకుంటూ, గేరు మార్పు మెత్తగానే ఉండేలా చూస్తుంది. గోడ పగులుకు సున్నం కొట్టినట్టు, సవరణ హద్దు దాటేదాకా డ్రైవర్‌కు ఏమీ తెలియదు. నడిపి చూసే పాత పద్ధతి ఇక్కడ ఆలస్యంగా మేలుకుంటుంది. ఆ సవరణ అంకెలు చదివేవాడు ముందే మేలుకుంటాడు. కోడ్ లేదు కాబట్టి రోగం లేదు అనుకునేవాడికి మాత్రం రెండూ పనికిరావు.

ఇప్పుడు రెండు పద్ధతులూ ఒకదానిమీద ఒకటి ఎంత ఆధారపడ్డాయో చూడాలి. ఎన్నో కొత్త పెట్టెలకు ఆయిల్ చూసే డిప్‌స్టిక్కే లేదు. కింది ప్లగ్గు విప్పి, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు మట్టం చూడాలి. ఆ వేడిని నమ్మకంగా చెప్పేది స్కానర్. అంటే పాత పద్ధతి మొదటి మెట్టుకే కొత్త పరికరం కావాలి. జీవితకాలం సరిపోతుందని కార్ల కంపెనీలు చెప్పే ఆయిల్‌ను 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమని గేర్‌బాక్స్ తయారీదారు జెడ్ఎఫ్ చెబుతోంది కాబట్టి, ఈ మెట్టును దాటేయడానికి వీల్లేదు.

ఇటునుంచి అటూ అంతే. ఏ340 వంటి పెట్టెలో సోలెనాయిడ్ల కనెక్టర్ పీకేసి, లివర్‌తోనే గేర్లు మార్చి నడపవచ్చు: ఎల్‌లో ఫస్ట్, 2లో మూడోది, డి లో ఓవర్‌డ్రైవ్. గేర్లు సరిగా పడితే లోపం కరెంటు వైపు. పడకపోతే లోపం లోపలే, అంటే హైడ్రాలిక్స్‌లోనో క్లచ్‌లలోనో. అంత తేటగా ఏ కోడూ విడదీయదు. ప్రతి క్లచ్‌కూ విడి సోలెనాయిడ్ ఉన్న నేటి పెట్టెలు ఈ సౌకర్యాన్ని చాలావరకు పోగొట్టుకున్నాయి. అక్కడ స్కానర్‌తో సోలెనాయిడ్లను ఒక్కొక్కటిగా పనిచేయించి చూడాలి.

ఈ పోలికకు హద్దూ ఉంది. మన రోడ్లమీద ఆటోమేటిక్ అని తిరిగేవన్నీ ఈ జాతి కావు. మారుతి 2014లో సెలెరియోతో జనంలోకి తెచ్చిన ఏఎంటీకి టార్క్ కన్వర్టర్ లేదు. మామూలు క్లచ్‌ప్లేటునే మోటారో హైడ్రాలిక్ పరికరమో తొక్కుతుంది. రెండు క్లచ్‌ల డీసీటీకీ సాధారణంగా కన్వర్టర్ ఉండదు. వాటిమీద స్టాల్ టెస్ట్ చేస్తే తేలేది లోపం కాదు, కాలిన క్లచ్. ఆటోనగర్‌లోనైనా కంపెనీ వర్క్‌షాపులోనైనా మొదట అడగవలసింది ఇది ఏ జాతి ఆటోమేటిక్ అని.

నా తీర్పు వరసకు సంబంధించింది. మొదట స్కానర్‌తో అన్నీ చదివి రాసుకోవాలి, తుడిచేయకూడదు. కోడ్‌లు తుడిస్తే వాటితోపాటు ఆ క్షణపు వివరాలూ పోతాయి. తర్వాత ఆయిల్ మట్టం, కనెక్టర్లు. ఆపైన బండి నడిపి, ఏ గేర్లు బాగున్నాయో పట్టికతో పోల్చాలి. ప్రెషర్ గేజీ, స్టాల్ టెస్ట్ చివర. ఈ వరసలో మొదటి అడుగు కొత్త పద్ధతిది, చివరిది పాతదానిది. మధ్యలో నిలిచిన క్లచ్ పట్టిక మాత్రం రెండింటికీ ఆధారం. మూడో గేరు నిష్పత్తి తప్పిందనే పీ0733 కోడ్, రివర్స్ కూడా నీరసమనే డ్రైవర్ మాట ఆ పట్టిక మీదే కలిసి సీ2ను చూపిస్తాయి. అది చదవడం రాని చేతిలో గేజీ అయినా స్కానర్ అయినా ఒకటే. కాబట్టి పెట్టె దించాలని అంచనా రాసిచ్చినప్పుడు యజమాని ఏ క్లచ్ మీద అనుమానం, ఏ గేరు చూసి అని అడగాలి. దానికి జవాబు లేని అంచనా ఏ పరికరంతో రాసినా లోపనిర్ణయం కాదు.