రిసార్టులో ఊరుంది, గేరి లేదు

పేడతో అలికిన గోడ, గోడ మీద సున్నపు ముగ్గు. వాకిట్లో ఎద్దుబండి, గేటు దగ్గర డప్పు, చేతికి మట్టి ముంతలో మజ్జిగ. గది తలుపు తీస్తే మాత్రం ఏసీ, మెత్తటి పరుపు. ‘మన సంస్కృతి’ని రాత్రికింత అని అద్దెకిచ్చే హోటళ్లు దాదాపు అన్నీ ఇదే అచ్చులో ఉంటాయి. జైపూర్ దగ్గర 1980ల చివర్లో మొదలైన చోఖీ ధానీ ఈ అచ్చుకి పేరు తెచ్చింది. హైదరాబాద్ మాదాపూర్‌లో 1992లో వచ్చిన శిల్పారామం హోటల్ కాదు గానీ చూపు అదే: గుడిసెలూ, వాటి ముందు పనిచేస్తున్నట్టు నిలువెత్తు బొమ్మలూ. అరకులోయలో పర్యాటక సంస్థ హోటళ్లకొచ్చేసరికి బొమ్మల బదులు మనుషులే ఉంటారు. రాత్రి చలిమంట పక్కన థింసా ఆడతారు.

ఈ హోటళ్లను పుస్తకాన్ని చదివినట్టు చదవాలి. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏ పేజీలు చించేశారు? పల్లెను పచ్చగా, చల్లగా రాసిన కవిత్వాన్ని దళిత విమర్శ నిలదీసింది. అంతకు చాలా ముందే, 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో, పల్లెను నెత్తిన పెట్టుకునేవాళ్లను అంబేద్కర్ ఎండగట్టారు. అదే పల్లెను ఇప్పుడు ఇటుకా సిమెంటుతో కట్టి అమ్ముతుంటే మనమెందుకు ఊరుకోవాలి?

ఒక ఊహ చేద్దాం. రేపు ఆదోని కోట కింద, రణమండల కొండకు ఎదురుగా ఇలాంటి రిసార్టు కడితే అందులో ఏం పెడతారు? బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, జొన్నరొట్టె. మంచం మీద ఎమ్మిగనూరు దుప్పటి. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం గురించి గోడ మీద నాలుగు మాటలు. నీలకంఠేశ్వర జాతర ఫొటో ఒకటి. 1953 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండింది కాబట్టి రెండు కన్నడ పాటలు కూడా. వీటిలో ఏదీ అబద్ధం కాదు. అబద్ధం వీటి అమరికలో ఉంది.

ఈ పడమటి కర్నూలు సీమలో ఊరంటే ఊరూ, గేరీ. మాలగేరి, మాదిగగేరి. రిసార్టు ఊరికి గేరి ఉండదు. బావి ఒకటే ఉంటుంది, దాని దగ్గర ఎవరు చేద వేయొచ్చో, ఎవరు కుండ పెట్టుకుని దూరంగా నిలబడి ఎవరన్నా పోస్తారేమోనని చూడాలో ఏ బోర్డూ చెప్పదు. బావి మీద కపిల గిలక అందంగా ఉంటుంది. ఆ గిలక మీదుగా నీళ్లు తోడిన తోలు బాన ఎక్కడిది? లందలో తోలు నానబెట్టి దాన్ని కుట్టిన మాదిగ పేరు ఎక్కడ? లంద వాసనొస్తే అతిథి గది ఖాళీ చేస్తాడు కదా! దుప్పటి సంగతీ అంతే. చేనేత అనగానే చేనేత కులాలు గుర్తొస్తాయి, న్యాయమే. తెలుగు జిల్లాల మాలలు ముతక నూలుబట్ట నేసేవాళ్లని 1909 నాటి థర్‌స్టన్ సంపుటాలే రాశాయి. ఆ మగ్గాలు ఏ గోడ మీదా కనిపించవు.

ఇక తిండి. ‘పల్లె వంట’ అన్న మెనూలో నాటుకోడి ఉంటుంది, సంకటి ఉంటుంది. పెద్దకూర ఉండదు, ఎండబెట్టిన తునకలు ఉండవు. 1876–78 కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను ఊడ్చేసిన గడ్డ ఇది. కరువులో గేరి ఏం తిని బతికిందో అది పల్లె వంట కాకుండా పోయింది. ఒకప్పుడు కూలీల కడుపు నింపి, పైకులాల పళ్లెంలో నామోషీగా ఉన్న జొన్న, కొర్ర మాత్రం ఇప్పుడు ఆరోగ్యం పేరుతో పంక్తిలోకొచ్చాయి.

మట్టి ముంత దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. రిసార్టులో అది పాత కాలపు తీయదనం. గేరి మనిషికి అదే ముంత, అదే ఆకు దొప్ప, అదే కొబ్బరి చిప్ప వేరే సంగతి చెప్తాయి. ఇంకొకరు తాగకూడని పాత్ర అది. తాగి పారేయాల్సిన పాత్ర. తర్వాత టీ హోటళ్లొచ్చాక అది రెండు గ్లాసులైంది. దళితుడి గ్లాసు చూరులోనో బయట గూట్లోనో ఉండేది. తాగినవాడే కడిగి పెట్టాలి, డబ్బులు మాత్రం అందరితో సమానం. పాత్రల్లో తేడా చూపడం నేరమని 1955 చట్టం చెప్పింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం ముదిరేకొద్దీ హోటలువాడూ ముదిరాడు: గాజు గ్లాసు కొందరికి, పారేసే కప్పు కొందరికి. అడిగితే శుభ్రత అంటాడు. ఎవరిని దూరం పెట్టడానికి పుట్టిన పాత్రో, దాన్నే ఆతిథ్యానికి గుర్తుగా అతిథి చేతిలో పెట్టాలంటే, ముందు దాని చరిత్ర కడిగేయాలి. రిసార్టు చేసే అసలు పని ఈ కడగడమే.

హోటల్లో ‘బస’ అన్న మాట కూడా అందరికీ ఒకటి కాదు. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చి బరోడా కొలువులో చేరిన అంబేద్కర్‌కు ఊళ్లో గది దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరుతో దిగాల్సొచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న పార్శీలు డజనుమంది వచ్చి వెళ్లగొట్టారు. తానే రాసుకున్నారీ సంగతి. చాలాకాలానికి రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్లు, భోజనశాలల ప్రస్తావన ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. సంస్కృతి రిసార్టు ఆ అధికరణాన్ని మీరదు. డబ్బున్న దళితుడికి గది ఇస్తుంది. ఆయన గేరిని మాత్రం లోపలికి రానివ్వదు.

గేటు దగ్గరి డప్పుకూ రెండు చరిత్రలున్నాయి. చావుకూ, చాటింపుకూ, దేవర ఊరేగింపుకూ పిలిచినప్పుడల్లా పోయి కొట్టాల్సిన వెట్టి ఒకటి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఎత్తుకున్న డప్పు రెండోది. రిసార్టు మొదటిదాన్నే తీసుకుని, వెట్టిని తీసేసి, యూనిఫాం తొడిగింది. డప్పు కొట్టే కళాకారుణ్ణి నేను తప్పుపట్టడం లేదు, అది అతని రోజుకూలి. కారు దిగినవాడికి వంగి వంగి కొట్టడం ‘సంప్రదాయం’ అని రాయడం తప్పు. రాత్రి ‘ఫోక్ నైట్’ కూడా అనుమానంగానే చూడాలి. బసివిగా విడిచిన ఆడపిల్లలు ఊరి పెద్దల ముందు ఆడిన ప్రాంతం ఇది. ఆ విడవడాన్ని 1988లో రాష్ట్రం చట్టంతో నిషేధించాల్సొచ్చింది. ఈ నేల మీద ఆటను ఎవరి కళ్ల ముందు ఆడుతున్నారన్నది చిన్న ప్రశ్న కాదు.

ఊహ చాలు, నిజంగా నడుస్తున్న చోటికి పోదాం. అరకులో థింసా చైత్రమాసపు ఇటుకల పండుగకూ, పెళ్లిళ్లకూ ఆడవాళ్లు ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు కలిపి ఆడే ఆట. (ఆదివాసీ సమస్య దళిత సమస్య ఒకటి కావు, ఒక గాటన కట్టేయకూడదు. చూసేవాడి చూపు మాత్రం ఒకటే.) హోటల్లో ఆ ఆట టూరిస్టు బస్సు టైముకు మొదలై భోజనాల వేళకు ముగుస్తుంది. అక్కడ 1996 నుంచి గిరిజన మ్యూజియం కూడా ఉంది. ఆ మరుసటేడు, 1997 జులై 11న, అదే కొండల్లోని బొర్రా ప్రాంతపు గనుల మీద సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: 1/70 చట్టం ముందు ప్రభుత్వమూ ఒక ‘వ్యక్తే’, షెడ్యూల్డు ప్రాంతంలో తన భూమినైనా గిరిజనేతరులకు గనుల లీజుకివ్వకూడదని. ఆట ఆడేవాళ్ల భూమి గురించి అంత పెద్ద పోరాటం జరిగింది. చలిమంట దగ్గర ఆ కథ ఎవరైనా చెప్తారా? మైకు పట్టుకున్నవాడు ఆట పేరు చెప్తాడు, అడుగులు నేర్పిస్తాడు, ఫొటో దిగమంటాడు.

‘కళాకారులకు ఉపాధి కదా’ అని మన మిత్రులే అంటారు. నిజమే, ఉపాధిని తేలిగ్గా కొట్టిపారేయలేం. కోసిగి, పెద్దకడుబూరు వైపు గేరులు సుగ్గికి కదిలి గుంటూరు మిరప చేలకు, పత్తి చేలకు పోతాయి. ఇళ్లకు తాళాలు పడతాయి, పిల్లల చదువు ఆగుతుంది. బెంగుళూరు పోయి కట్టుబడి పనిచేసేవాళ్లు ఎందరో. అలాంటి మనిషికి సొంతూళ్లో డప్పు కొట్టే పని దొరికితే వద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే బేరం ఎవరు కుదురుస్తున్నారు? మేనేజరుకు నెల జీతం, డప్పుకు రోజుకింత ఎందుకు? ఏం కొట్టాలో, ఏం పాడాలో తేల్చేది ఎవరు? గేరి తన కథను తానే ఆ వాకిట్లో చెప్పుకోగలిగితే అప్పుడు ఉపాధి గురించి మాట్లాడుకోవచ్చు.

విహారయాత్ర పేరుతో ఇలాంటి చోట్లకు పిల్లల్ని తీసుకుపోయే టీచర్లు, ముగ్గులూ బండ్లూ చూపించాక వంటగది వెనక్కు కూడా తీసుకుపోవాలి. గిన్నెలు తోమేవాళ్లది, మరుగుదొడ్లు కడిగేవాళ్లది ఏ ఊరో, ఏ గేరో, వాళ్లు టీ ఎందులో తాగుతున్నారో అడగనివ్వాలి. హోటలు లేచిన నేల అంతకు ముందు ఎవరి పేరు మీద ఉండేదో పాత అడంగల్ చూస్తే తెలుస్తుంది.