చిన్న వీణ, పెద్ద పనితనం

విమానాల నమూనాలు కట్టేవారికి ముక్కలన్నీ పెట్టెలో సిద్ధంగా దొరుకుతాయి. 1934లో తొలిసారి ఎగిరిన రెండంతస్తుల రెక్కల డ్రాగన్ రాపిడ్ విమానాన్ని 72వ వంతు కొలతలో అతికించి, అరగదీసి, రంగులేసి తీర్చిదిద్దడం మెచ్చుకోదగ్గ పనే. విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే సర్వసిద్ధి వారి కుటుంబాలకు మాత్రం అలా సిద్ధంగా వచ్చేదేమీ లేదు. ఉన్నది పనస దుంగ, ఉలి, తరాల విద్య.

బొబ్బిలి పేరు నిలిపింది ఏకాండ వీణ. కుండ, దండి ఒకే మానులోంచి వస్తాయి. 24 మెట్లు, 7 తీగలు. జ్ఞాపికగా ఇచ్చే బుల్లి వీణలో ఆ రూపమంతా కుదించాలి. అసలు కష్టం అక్కడే. కొలత తగ్గేకొద్దీ పొరపాటుకు చోటు తగ్గుతుంది. దండి కాస్త లావైనా పొందిక చెడుతుంది. దండి చివర ఉండే యాళి అనే కల్పిత మృగం ముఖంలో ఒక్క గాటు లోతుగా పడినా కళ పోతుంది. పెద్ద వీణ చెక్కిన చేతికే ఆ నిష్పత్తి పట్టుబడుతుంది. అందుకే ఈ బుల్లి వీణలో నాకు అలంకారం కంటే అవగాహనే ఎక్కువ కనిపిస్తుంది.

భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళకు చప్పట్లతో పాటు న్యాయమైన ధర కూడా దక్కాలి. బేరమాడకుండా కొందాం, ఈ పనితనం వచ్చే తరానికీ అన్నం పెట్టాలి.